మా చదువరుల బృందానికి తెలుగు పుస్తకాల జాబితా ఎలా తయారు చెయ్యాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: కూకట్‌పల్లిలో మీ అపార్ట్‌మెంటువాళ్ళు 22 మంది కలిసి నెలకో తెలుగు పుస్తకం చదవాలనుకున్నారు. తలా కొన్ని పేర్లు చెప్తే వంద పుస్తకాల జాబితా తయారైంది. మొదటి పుస్తకంగా ‘వేయిపడగలు’ పెట్టుకున్నారు. నాలుగు నెలలు గడిచేసరికి పూర్తి చేసినవాళ్ళు ముగ్గురు. నెలవారీ కలయికకు వచ్చేవాళ్ళు తొమ్మిది మందికి దిగారు. "జాబితాలో తప్పుందా, మాకే చదివే ఓపిక పోయిందా?" అని అడిగారు.

తప్పు జాబితాదేనండీ. మీ వాళ్ళ ఓపికకి ఏమీ కాలేదు. ఆ వంద పేర్లూ పక్కన పెట్టండి. వచ్చే మూడు నెలలకి మూడే పుస్తకాలు ఎంచుకోండి, ఒక్కోదాంట్లో చదవాల్సింది 200 పేజీలు దాటకూడదు. ఎంచుకునే ముందు ప్రతి సభ్యుణ్ణీ విడిగా పలకరించి, వాళ్ళు చివరిదాకా చదివిన ఆఖరి పుస్తకం ఏదో అడిగి రాసుకోండి. ముందు ఈ పని చేస్తే సగం చిక్కు విడిపోతుంది. ఎందుకలా అంటున్నానో, నాకెలా తెలిసిందో వివరంగా చెప్తాను.

నేను గోదావరి జిల్లాల శాఖా గ్రంథాలయాల్లో 31 ఏళ్ళు పనిచేశాను. రిటైరయ్యాక ఎనిమిదేళ్ళుగా మా ఊళ్ళో నెలకోసారి కలిసే చదువరుల బృందాన్ని చూసుకుంటున్నాను. అందులో ఇప్పుడు 17 మంది ఉన్నారు. టైలరింగు చేసే ఆవిడ దగ్గర్నుంచి రిటైరైన లెక్కల మాస్టారి దాకా అన్ని రకాలవాళ్ళూ ఉన్నారు.

లైబ్రరీలో చాలాకాలం పనిచేస్తే ఒక అలవాటు పడుతుంది. తిరిగొచ్చిన పుస్తకాన్ని బీరువాలో సర్దేముందు మూసి పట్టుకుని పేజీల అంచు చూస్తాం. చదివేవాళ్ళ వేళ్ళు పడినంత మేరా అంచు మట్టిరంగుకి తిరుగుతుంది. వేలు పడనిచోట కాగితం తెల్లగానే ఉండిపోతుంది. ‘బుడుగు’కీ, ‘బారిస్టర్ పార్వతీశం’కీ, యద్దనపూడి నవలలకీ ఆ రంగు మొదటి పేజీ నుంచి చివరి పేజీదాకా ఒకే తీరున ఉండేది. మా దగ్గర ‘వేయిపడగలు’ రెండు ప్రతులు ఉండేవి. లోపలి అట్టకి అంటించిన తేదీల కాగితం నిండా ముద్రలే. ఒకటి నిండిపోతే దానిమీద ఇంకొకటి అంటించాం. అంచు చూస్తే మాత్రం బొటనవేలి మందం కూడా రంగు మారలేదు. తీసుకెళ్ళినవాళ్ళు అంతమంది, చదివినవాళ్ళు ఇంతమందేనన్నమాట. అది చూసిన రోజు నుంచీ ఎవరికి ఏ పుస్తకం చెప్పాలన్నా ఆ తెల్లటి అంచే నాకు గుర్తొస్తుంది.

ఆ నవలని తక్కువ చేస్తున్నానని అనుకోకండి. విశ్వనాథ వారు దాన్ని 29 రోజుల్లో తమ్ముడికి చెప్పి రాయించారని ప్రసిద్ధి. పి.వి. నరసింహారావు గారు దాన్ని ‘సహస్రఫణ్’ పేరుతో హిందీలోకి తెచ్చారు. నేను రెండుసార్లు చదివాను, మూడోసారి చదవాలని ఉంది. కానీ వెయ్యి పేజీల దాకా ఉండే నవల అది. అందులో కథ దారి ఎక్కడానికే చాలాసేపు పడుతుంది. పదిహేనేళ్ళుగా ఫోనులో తప్ప తెలుగు అక్షరం చదవని మనిషి చేతిలో దాన్ని పెడితే, ఆ మనిషి పుస్తకాన్ని తప్పుపట్టడు. "నాకు ఇంక చదువు రాదు" అని తన మీదే తీర్పు చెప్పుకుంటాడు. మీ బృందంలో రావడం మానేసిన 13 మందిలో చాలామంది మనసులో ఉన్నది ఇదే అయ్యుంటుంది. వాళ్ళకి బద్ధకం అనుకోకండి, సిగ్గుపడి ఉంటారు. నేను ఎంతమందిలోనో చూశాను.

వంద గొప్ప పుస్తకాలు అని తయారుచేసే జాబితాలు సాహిత్యానికి మనం ఇచ్చుకునే గౌరవం. వాటికి ఉండే విలువ వాటికి ఉంది. తెలుగులో ఏమేం వచ్చాయో ఒక చూపులో తెలుస్తుంది. చదవడానికి కావాల్సిన జాబితా వేరు. దాంట్లో పేర్లు తక్కువగా ఉండాలి, ఒక వరస ఉండాలి, ప్రతి పేరు పక్కనా అది ఎవరికో రాసి ఉండాలి.

గ్రంథాలయ శాస్త్రంలో మాకు మొదటిరోజే నేర్పేవి ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో రాసిన అయిదు సూత్రాలు. అందులో రెండోది ప్రతి పాఠకుడికీ తన పుస్తకం దొరకాలని. మూడోది ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు దొరకాలని. నాలుగోది పాఠకుడి సమయం ఆదా చెయ్యాలని. పరీక్ష కోసం బట్టీపట్టిన రోజుల్లో రెండోదీ మూడోదీ ఒకటే కదా అనిపించేది. పనిలోకి వచ్చాక తేడా తెలిసింది. రెండో సూత్రం ప్రకారం పనిచేయాలంటే ఎదుట నిలబడ్డ మనిషిని చూడాలి. మూడోదానికి బీరువాలో దుమ్ము పట్టిన పుస్తకాన్ని చేతిలోకి తీసుకుని "నిన్నెవరు చదువుతారు?" అని ఆలోచించాలి. పుస్తకాలు చెప్పే పనిలో ఈ రెండూ కావాలి. మీ వంద పేర్ల జాబితాలో రెండూ లేవు.

మనిషిని అడగాల్సిన మూడు ప్రశ్నలు

"మీకెలాంటి పుస్తకాలు ఇష్టం?" అని మాత్రం అడగకండి. ఆ ప్రశ్నకి అందరూ మర్యాదకరమైన జవాబే చెప్తారు. చరిత్ర అంటారు, మంచి సాహిత్యం అంటారు. దాన్ని నమ్మి పుస్తకం ఇస్తే అంచు తెల్లగానే తిరిగొస్తుంది. నేను అడిగేవి ఇవి: చివరిదాకా చదివిన ఆఖరి పుస్తకం ఏది? మధ్యలో వదిలేసింది ఏది, ఎక్కడ వదిలేశారు? రోజులో ఎప్పుడు, ఎంతసేపు, ఎక్కడ కూర్చుని చదువుతారు?

మూడోది పనికిమాలిన ప్రశ్నలా కనిపిస్తుంది గానీ అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడింది అదే. రాత్రి పడుకునే ముందు పావుగంట చదివే మనిషికి కథల పుస్తకం ఇవ్వాలి. ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలు ఖాళీగా ఉండే మనిషికి ఒక్క విడతలో అయిపోయే చిన్న నవల ఇవ్వాలి. మెట్రోలో నిలబడి చదివేవాళ్ళకి అట్ట మెత్తగా ఉండి ఒంటి చేత్తో పట్టుకోగలిగిన పుస్తకం కావాలి. ఎమెస్కో వాళ్ళు ఒకప్పుడు పాకెట్ సైజు పుస్తకాలని ఇంటింటికీ చేర్చగలిగారంటే, చవక ధరతోపాటు ఆ సైజూ ఒక కారణమే.

ఒక్క మనిషి సంగతి చెప్తాను. నేను పనిచేసిన ఒక శాఖకి ఆర్టీసీ కండక్టరు ఒకాయన వచ్చేవారు. డ్యూటీ దిగి, ఆ ఖాకీ చొక్కాతోనే వచ్చి కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ నవలలు తీసుకెళ్ళేవారు. ఉన్నవన్నీ అయిపోయాయి. "ఇంకేమైనా ఉన్నాయా మేడమ్?" అని రోజూ అడిగేవారు. "ఇప్పుడు కొంచెం మంచి సాహిత్యం చదవండి" అని ఎవరో ఆయనకి ఒక బరువైన నవల చెప్పారట. రెండు రోజుల్లో తిరిగిచ్చేశారు. ఆయనకి ఏం నచ్చుతోందా అని ఆలోచించాను. పోలీసులు, దొంగలు, కోర్టులు, అబద్ధం చెప్పే సాక్షులు, ఎవరు ఎవర్ని మోసం చేస్తున్నారో తెలుసుకోవాలన్న ఆరాటం. ఇవన్నీ రావిశాస్త్రి గారి ‘ఆరు సారా కథలు’లో ఉన్నాయి. రాసినాయన విశాఖపట్నంలో లాయరు. మద్యనిషేధం ఉన్న రోజుల్లో పోలీసు స్టేషనుకీ కోర్టుకీ మధ్య ఏం జరిగేదో లోపలినుంచి తెలిసిన మనిషి. "ఇందులో డిటెక్టివ్ ఉండడు, నేరం మాత్రం ఉంటుంది, నేరస్థుడెవరో మీరే తేల్చుకోవాలి" అని చెప్పి ఇచ్చాను. వారం తర్వాత వచ్చి బల్ల మీద పుస్తకం పెట్టి, "ఇవి మా రూటులో జరిగినట్టే ఉన్నాయండీ" అన్నారు. తర్వాత పతంజలి గారి ‘ఖాకీవనం’ ఇచ్చాను. అక్కణ్ణుంచి ఆయనకి నా అవసరం లేకపోయింది, బీరువాలో తనే వెతుక్కోవడం మొదలుపెట్టారు.

ఆయనకి ఇష్టమైన వాటిని నేను తక్కువగా చూడలేదు. ఆ ఇష్టం లోపల ఉన్న ఆకలి ఏమిటో చూసి, అదే ఆకలి తీర్చే ఇంకో చోటు చూపించాను. సీరియల్ నవలలు చదివి పెరిగిన అమ్మలకి, పిన్నులకి శ్రీపాద సుబ్రహ్మణ్య శాస్త్రి గారి కథలు అద్భుతంగా పట్టుకుంటాయి. ఎందుకంటే ఆయన కథల్లో మాటలు నడిపిస్తాయి, ఇంట్లో ఆడవాళ్ళు నిజంగా మాట్లాడుకున్నట్టే ఉంటుంది. క్రికెట్ తప్ప ఏదీ పట్టని కుర్రాడికి ఆయనదే ‘వడ్లగింజలు’ చెప్పాను. చదరంగం ఆట మీద నడిచే కథ అది. ఆట ఉత్కంఠ తెలిసినవాడికి భాష అడ్డం రాదు.

సిఫార్సు రాసే పద్ధతి

"గొప్ప పుస్తకం, తప్పక చదవండి" అనే మాట వల్ల చదివేవాడికి ఏ సమాచారమూ అందదు. మా బృందంలో ఎవరైనా పుస్తకం చెప్పాలంటే పోస్టుకార్డు సైజు చీటీ మీద రాసి ఇవ్వాలి. పుస్తకం ఎంత ఉంటుంది, మొదటి పది పేజీలు ఎలా ఉంటాయి, ఎవరికి నచ్చుతుంది, ఎవరికి నచ్చదు. నాలుగోది రాయలేకపోతే ఆ పుస్తకం గురించి ఇంకా ఆలోచించలేదనే లెక్క. అప్పుడు చీటీ వెనక్కి ఇచ్చేస్తాం.

ఉదాహరణకి డాక్టర్ కేశవరెడ్డి గారి ‘అతడు అడవిని జయించాడు’కి మా దగ్గరున్న చీటీ ఇలా ఉంటుంది: "చిన్న నవల. ఒక ముసలాయన తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ అడవిలోకి వెళ్తాడు. కథంతా దాదాపు ఆ ఒక్క రాత్రే. మొదటి పేజీలోనే పట్టుకుంటుంది. అడవి, జంతువులు, ఒంటరి మనిషి పోరాటం ఇష్టమైనవాళ్ళకి. సంభాషణలు, సరదా కావాలనుకునేవాళ్ళకి వద్దు. ఒకే విడతలో చదవండి, రెండు రోజులు చేస్తే పట్టు సడలుతుంది." ఇది రాసింది మా టైలరింగు ఆవిడ. ఏ పత్రికలో సమీక్షకుడు కూడా ఇంతకంటే పనికొచ్చే మాట చెప్పలేడని నా నమ్మకం.

ఎవరికి వద్దో చెప్పడం నేను నేర్చుకున్నది ఒక తప్పు వల్ల. ఉద్యోగం పోయి రోజూ రీడింగ్ రూములో పేపర్లు తిరగేసే ఒక అబ్బాయికి గోపీచంద్ గారి ‘అసమర్థుని జీవయాత్ర’ ఇచ్చాను. చిన్న నవల, తెలుగులో మనిషి మనసు లోపలికి అంత దూరం వెళ్ళిన తొలి నవలల్లో ఒకటి, చదివే అబ్బాయి, నచ్చుతుంది అనుకున్నాను. నేను చూసింది పుస్తకాన్ని, అతన్ని చూడలేదు. మూడోరోజు వచ్చి పుస్తకం బల్ల మీద పెట్టి, "ఇది నాకెందుకు ఇచ్చారు మేడమ్?" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. కథానాయకుడు సీతారామారావు అడుగడుగునా కిందికి జారిపోయే కథ అది. ఆ సమయంలో ఆ అబ్బాయి చేతిలో పెట్టాల్సింది కాదు. ఆ రోజు అతన్ని కూర్చోబెట్టి టీ తెప్పించి చాలాసేపు మాట్లాడాను. తర్వాత కూడా లైబ్రరీకి వచ్చాడు, అందుకు నేను ఇప్పటికీ సంతోషిస్తాను. అప్పట్నుంచీ ఆ నవల చీటీ మీద "మనసు బాగోలేనప్పుడు వద్దు, తర్వాత చదవండి" అని రాసి పెడతాం. అలాంటి పుస్తకాలు మీ వందలో కనీసం పది ఉంటాయి. వాటిని తీసెయ్యక్కర్లేదు, ఆ మాట రాసి ఉంచితే చాలు.

వరస

మొదటి మూడు నెలలకి ఏవి అంటే, మీరు 22 మంది జవాబులూ తెచ్చాకే సరిగ్గా చెప్పగలను. అయినా ఎక్కడైనా మొదలుపెట్టాలి కదా, మా దగ్గర ఫలించిన వరస చెప్తాను.

మొదటి నెల కథలు. సత్యం శంకరమంచి గారి ‘అమరావతి కథలు’లో వంద కథలున్నాయి, ఒక్కోటి కొద్ది పేజీలే. పుస్తకమంతా చదివి రమ్మనకండి. "పది కథలు చదవండి, అందులో ఒకటి మాకు బయటికి చదివి వినిపించండి" అనండి. అందరూ ఒకే పది చదవకపోవడమే మంచిది, కలిసినప్పుడు ఎవరికి వాళ్ళు కొత్త కథ తెస్తారు. మా బృందంలో ఇరవయ్యేళ్ళు తెలుగు చదవని ఒకాయన ఆ రోజు వేలు పెట్టుకుని, ఒత్తుల దగ్గర ఆగి ఆగి ఒక కథ చదివారు. నాలుగు నిమిషాల్లో అవ్వాల్సింది పది నిమిషాలు పట్టింది. ఎవరూ కదల్లేదు. ఇప్పుడాయన నెలకి రెండు పుస్తకాలు చదువుతున్నారు.

రెండో నెల నవ్వు. ‘బారిస్టర్ పార్వతీశం’ మొదటి భాగం. మొగల్తూరు కుర్రాడు బారిస్టరు చదువుకోసం బయల్దేరి రైలూ ఓడా ఎక్కి పడే అవస్థలు. విదేశాల్లో పిల్లలున్న తల్లిదండ్రులు మీలో ఉంటే ఆ రోజు మాటలకి కొరత ఉండదు. మూడు భాగాలూ ఒకేసారి పెట్టకండి. మొదటిది చదివినవాళ్ళు మిగతావి వాళ్ళే అడుగుతారు.

మూడో నెల, పుట్టిన ఊరి భాషలో రాసిన పుస్తకం. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే తెలుగు జాబితాల్లో అందరూ జారిపడేది ఇక్కడే.

మీ వందలో పేర్లు లెక్కపెట్టి చూడండి. కృష్ణా గోదావరి జిల్లాల రచయితలే సగానికిపైన ఉంటారు. నేను ఆ జిల్లాల మనిషినే, మొదట్లో నా జాబితాలూ అలాగే ఉండేవి. ఒకసారి దాశరథి రంగాచార్య గారి ‘చిల్లర దేవుళ్ళు’ పెట్టాం. నిజాం కాలంలో తెలంగాణ పల్లెలో దొరతనం, వెట్టి, వాటి కింద నలిగిన మనుషుల కథ. కోస్తావాళ్ళు ఇద్దరు ముగ్గురు "ఆ మాటలు అర్థం కావట్లేదు, వదిలేశాం" అన్నారు. వరంగల్ నుంచి వచ్చి మా ఊళ్ళో బ్యాంకులో పనిచేసే ఒకమ్మాయి చాలాసేపు విని, "నేను చిన్నప్పట్నుంచి మీ భాషలనే చదువుతున్న గద సార్, అర్థం చేసుకుంటనే ఉన్న" అంది. అంతే అంది. తర్వాతి నెల ఆ అమ్మాయే మొదటి పదిహేను పేజీలు మాకు చదివి వినిపించింది. చెవిన పడ్డాక మాట అర్థమైపోయింది. కంటికి కొత్తగా ఉన్న మాటని నోరు తేలిక చేస్తుంది. అప్పుడు ముందు నెల వదిలేసినవాళ్ళు కూడా పూర్తి చేశారు.

అందుకని ఏడాదికి 12 పుస్తకాలు అనుకుంటే కోస్తా, ఉత్తరాంధ్ర, రాయలసీమ, తెలంగాణ నాలుగూ ఉండాలి, ఆ ప్రాంతం మనిషి మొదటి కొన్ని పేజీలు బయటికి చదవాలి. ఉత్తరాంధ్రకి చాసో, రావిశాస్త్రి, కాళీపట్నం రామారావు, పతంజలి ఉన్నారు. సీమకి మధురాంతకం రాజారాం, నామిని, కేశవరెడ్డి. తెలంగాణకి వట్టికోట ఆళ్వారుస్వామి గారి ‘ప్రజల మనిషి’తో మొదలుపెట్టొచ్చు. వట్టికోట గారు 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు మోసుకుంటూ ఊళ్ళు తిరిగి అమ్మిన మనిషి. మన పనికి ఆయన పెద్దదిక్కు. నెల్లూరు వాళ్ళుంటే ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కథలు’ వదలకండి. కూకట్‌పల్లిలో మీకు ఈ నాలుగు ప్రాంతాలవాళ్ళూ ఒకే లిఫ్టులో దొరుకుతారు, మాకా అదృష్టం లేదు.

‘కన్యాశుల్కం’ ఎప్పుడు పెట్టాలని కూడా అడిగారు. ఆరో నెల తర్వాత పెట్టండి, చదవడానికి మాత్రం ఇవ్వకండి. పాత్రలు పంచుకుని రెండు మూడు కలయికల్లో చదవండి. 1897లో అచ్చయిన మొదటి కూర్పుకీ, గురజాడ తిరగరాసి 1909లో వేసిన రెండో కూర్పుకీ చాలా తేడా ఉంది. మామూలుగా దొరికేది, చదవాల్సింది రెండోదే. అందరూ ఒకే ప్రచురణ కొనేలా చూడండి, లేకపోతే "ఏ పేజీ, ఏ పేజీ" అనడంతోనే గంట అయిపోతుంది. మా దగ్గర ఒకసారి నాలుగు రకాల పుస్తకాలొచ్చాయి, రామప్పంతులు ఒక పేజీలో, మధురవాణి ఇంకో పేజీలో.

పుస్తకం దొరుకుతుందా లేదా

జాబితాలో పేరు రాసేముందు ఫోను చెయ్యండి. తెలుగులో మంచి పుస్తకం అచ్చులో ఉండడం అన్నది నమ్మకంగా చెప్పలేని విషయం. మీరు హైదరాబాదులో ఉన్నారు కాబట్టి కాచిగూడ నవోదయకో, ఇంకో పుస్తకాల షాపుకో ఫోను చేసి "పది ప్రతులు ఉన్నాయా?" అని అడగండి. పాతవైతే ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద తిరగండి. డిసెంబరులో హైదరాబాదు బుక్ ఫెయిర్, జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం ఉంటాయి. ఏడాది జాబితా వేసేది ఆ రెండిటి ముందే అయితే అందరూ ఒకేసారి కొనుక్కుంటారు.

స్కాన్ చేసిన పుస్తకాలు ఒకరికొకరు పంపుకోవడం గురించి మొహమాటం లేకుండా చెప్తాను. మన దేశంలో రచయిత పోయిన ఏడాది ముగిశాక 60 ఏళ్ళదాకా హక్కులుంటాయి. గురజాడ 1915లో పోయారు, ఆయన రాతలు అందరివీ. శ్రీపాద, వట్టికోట ఇద్దరూ 1961లో పోయారు కాబట్టి 2022 జనవరి 1 నుంచి వాళ్ళవీ అంతే. గోపీచంద్ 1962లో పోయారు, ఆయనవి 2023 నుంచి. బుచ్చిబాబు పోయింది 1967లో, అంటే ‘చివరకు మిగిలేది’ మీద 2027 ఆఖరుదాకా హక్కు ఉన్నట్టే. బతికున్న రచయిత పుస్తకాన్ని స్కాన్ చేసి పంచితే, వెయ్యి ప్రతులు అమ్ముడవడమే కష్టంగా ఉన్న భాషలో ఆ మనిషి నోటి దగ్గరది తీసేసినట్టు. మా బృందంలో కొనలేనివాళ్ళకి నాలుగు ప్రతులు ఉమ్మడిగా కొని ఉంచుతాం, చదివి తిరిగిస్తారు. మీ అపార్ట్‌మెంటు క్లబ్‌హౌస్‌లో ఒక అల్మరా అడగండి, చాలు.

కథలకైతే కాళీపట్నం రామారావు గారు 1997లో శ్రీకాకుళంలో పెట్టిన కథానిలయం ఉంది. వాళ్ళు సేకరించిన కథలు ఎన్నో ఇంటి నుంచే చూడొచ్చు. కథాసాహితి వాళ్ళు 1990 నుంచి ఏటేటా వేస్తున్న ‘కథ’ సంకలనాలు కొత్త రచయితల్ని తెలుసుకోవడానికి బాగుంటాయి. ఎవరో ఓపిగ్గా ఏరిపెట్టారు కాబట్టి మీ సమయం మిగులుతుంది.

రిజిస్టరు

ఒక పొడుగు పుస్తకం కొని నాలుగు గడులు గీయండి: సభ్యుడు, పుస్తకం, పూర్తయిందా, కాకపోతే ఏ పేజీలో ఆగారు. నాలుగో గడి అన్నిటికన్నా ముఖ్యం. ఆగిపోవడం నేరమేమీ కాదని మొదటిరోజే చెప్పండి, మీరు వదిలేసిన పుస్తకం పేరూ పేజీ ముందుగా మీరే రాయండి.

మా దగ్గర ఒక పెద్ద నవలకి 11 మందిలో ఏడుగురు ఒకే ప్రకరణంలో ఆగారు. వేరువేరు ఇళ్ళలో, వేరువేరు వారాల్లో, ఒకే చోట. వెళ్ళి చూస్తే అక్కడ కథ ఆగిపోయి 20 పేజీల చర్చ ఉంది. రెండేళ్ళ తర్వాత కొత్తవాళ్ళకి అదే పుస్తకం పెట్టినప్పుడు చీటీ మీద "ఫలానా ప్రకరణం దాటి వెళ్ళండి, చివర్లో వెనక్కి వచ్చి చదవండి" అని రాశాం. పదిమందిలో ఎనిమిదిమంది పూర్తి చేశారు. అందులో ఆరుగురు నిజంగానే వెనక్కి వెళ్ళి చదివారు. ఈ సమాచారం ఏ సమీక్షలోనూ దొరకదు. బీరువాలో ఉన్న పుస్తకం అంచు నాకు చూపించిందే ఇదీ.

ఇంకో రెండు ముక్కలు. ఒక సభ్యుడు నెలకి ఒక్క పుస్తకమే చెప్పాలి, చీటీతో సహా. లేకపోతే ఉత్సాహం ఉన్న ఒకరిద్దరి పేర్లతోనే జాబితా నిండిపోతుంది, నిదానస్థులు నోరు విప్పరు. అలాగే బంధువులు, స్నేహితులు రాసిన పుస్తకాల ఒత్తిడి మీకు తప్పదు. మేం దానికి ఏడాదిలో ఒక్క నెల కేటాయించాం, ఆ నెల వాళ్ళనే పిలిచి చదివిస్తాం. మిగతా 11 నెలలూ ప్రశాంతం.

ఇక మానేసిన 13 మంది సంగతి. ఫోను చేసి "ఎందుకు రావట్లేదు?" అనకండి. ఇంటికెళ్ళి తలుపు కొట్టండి, పుస్తకం ఊసెత్తకుండా కాసేపు కూర్చోండి. తర్వాత ఆ వంద పేర్ల కాగితం తీసి వెనక్కి తిప్పండి. ఖాళీగా ఉన్న ఆ వైపు వాళ్ళ పేరు రాసి, మొదటి ప్రశ్న అడగండి: మీరు చివరిదాకా చదివిన ఆఖరి పుస్తకం ఏదండీ? ఇంటరులో చదివిన యండమూరి అన్నా, చందమామ అన్నా అలాగే రాసుకోండి. 22 జవాబులూ వచ్చాక ఇక్కడ పెట్టండి, వరస కలిసి వేద్దాం.